వీడియో ఎక్స్‌పోర్ట్: ఎడిటింగ్ తర్వాత చివరి మెట్టులో ఏం జరుగుతుంది? నాణ్యత ఎక్కడ పోతుంది?

పెళ్లి వీడియో, లఘుచిత్రం, పాఠశాల పాఠం, వార్తా కథనం... ఏదైనా సరే, ఎడిటింగ్ ముగిశాక మిగిలే చివరి పని దానిని ఒక ఫైలుగా మార్చి పంపడం. రోజుల తరబడి సాగిన చిత్రీకరణకు, కూర్పునకు లేని ప్రాధాన్యం కొన్ని నిమిషాల ఈ పనికి ఎందుకన్న భావన చాలామందిలో ఉంటుంది. కానీ ప్రేక్షకుడు చూసేది ఎడిటింగ్ తెరపై కనిపించిన చిత్రాన్ని కాదు, ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలును. ఆ దశలో తొలగిపోయిన వివరాన్ని ఆ ఫైలు నుంచి తిరిగి రప్పించడం ఏ సాఫ్ట్‌వేర్‌కూ సాధ్యం కాదు.

అందుకే ఈ రంగంలో అనుభవం ఉన్నవారు ఒక నియమాన్ని పాటిస్తారు: అత్యుత్తమ నాణ్యత గల ఒక మూల ప్రతిని భద్రపరచుకోవాలి, యూట్యూబ్‌కు, వాట్సాప్‌కు, టీవీకి, థియేటర్‌కు కావలసిన ప్రతులను దాని నుంచి విడివిడిగా తయారు చేసుకోవాలి. ఈ నియమం వెనుక ఉన్న సాంకేతిక కారణాలు ఇవి.

రెండరింగ్ వేరు, ఎక్స్‌పోర్ట్ వేరు

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోని టైమ్‌లైన్‌పై వీడియో ఒక సూచనల జాబితాగా మాత్రమే ఉంటుంది. ఏ క్లిప్పు ఎక్కడ మొదలు కావాలి, రంగు ఎంత మారాలి, పేరు ఎప్పుడు కనిపించాలి, పాట ఎక్కడ తగ్గాలి అన్న ఆదేశాలే అందులో ఉంటాయి. ఆ ఆదేశాల ప్రకారం ఒక్కొక్క ఫ్రేమును లెక్కగట్టి పూర్తి చిత్రంగా మార్చడం రెండరింగ్. అలా తయారైన ఫ్రేములను, ధ్వనిని కుదించి, ఇతర పరికరాలు చదవగలిగే ఒకే ఫైలుగా కూర్చడం ఎక్స్‌పోర్ట్.

సాఫ్ట్‌వేర్‌ను బట్టి ఈ పేర్లు మారుతాయి. అడోబ్ ప్రీమియర్ ప్రోలో ‘ఎక్స్‌పోర్ట్’ అనేదే డావించీ రిజాల్వ్‌లో ‘డెలివర్’, ఫైనల్ కట్ ప్రోలో ‘షేర్’, కేడెన్‌లైవ్‌లో ‘రెండర్’. పేరు ఏదైనా వినియోగదారు సమాధానం చెప్పవలసిన ప్రశ్నలు మాత్రం అవే: ఏ కోడెక్, ఏ కంటైనర్, ఎంత రిజల్యూషన్, సెకనుకు ఎన్ని ఫ్రేములు, ఎంత బిట్‌రేటు.

కుదించక తప్పదా?

తప్పదని చిన్న లెక్క చెబుతుంది. ఫుల్ హెచ్‌డీ ఫ్రేములో అడ్డంగా 1920, నిలువుగా 1080 పిక్సెళ్లు ఉంటాయి. ఒక్కో పిక్సెల్‌కు మూడు బైట్ల చొప్పున, సెకనుకు 25 ఫ్రేముల లెక్కన చూస్తే ఒక్క సెకనుకే సుమారు 155 మెగాబైట్లు అవుతాయి. నిమిషానికి 9 గిగాబైట్లు దాటుతుంది. అదే నిమిషాన్ని సెకనుకు 8 మెగాబిట్ల బిట్‌రేటుతో కుదిస్తే 60 మెగాబైట్లలో సరిపోతుంది. అంటే అసలు సమాచారంలో దాదాపు 150వ వంతు మాత్రమే మిగులుతుంది. అయినా చూసేవారికి తేడా పెద్దగా కనిపించదు.

ఇది సాధ్యం కావడానికి పునాది వేసినవారిలో భారతీయ మూలాలున్న ఇంజినీర్లు ఉన్నారు. బెంగళూరులో పుట్టి అమెరికాలో స్థిరపడిన నసీర్ అహ్మద్, టి.నటరాజన్, కె.ఆర్.రావుతో కలిసి 1974 జనవరిలో ‘డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్’ అనే గణిత పద్ధతిని ప్రచురించారు. అంతకుముందు 1972లో ఈ పరిశోధనకు నిధులు కోరుతూ అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌కు చేసిన ప్రతిపాదన ఆమోదం పొందలేదని, ఆలోచన మరీ సరళంగా ఉందని ఒక సమీక్షకుడు అభిప్రాయపడ్డారని అహ్మద్ తర్వాతి కాలంలో రాశారు. నేడు జేపెగ్ ఫొటోల నుంచి వీడియో ప్రమాణాల వరకు ఆ పద్ధతి లేదా దాని రూపాంతరాలే ఆధారం.

దీని సారాంశం ఇది: చిత్రాన్ని చిన్న చిన్న గడులుగా విభజించి, ప్రతి గడిలోని సమాచారాన్ని స్థూలమైన మార్పులు, సూక్ష్మమైన మార్పులుగా వేరు చేస్తారు. మనిషి కన్ను స్థూలమైన వాటినే ఎక్కువగా గమనిస్తుంది. కాబట్టి సూక్ష్మ వివరాలను తక్కువ కచ్చితత్వంతో నిల్వ చేసినా చిత్రం చెడినట్లు అనిపించదు. బిట్‌రేటు మరీ తగ్గిస్తే మాత్రం ఈ సర్దుబాటు హద్దు దాటి, గడులే బయటకు కనిపిస్తాయి. నాసిరకం వీడియోల్లో చతురస్రాలుగా విడిపోయినట్లు కనిపించే ముఖాలకు కారణం ఇదే.

తలంబ్రాల దృశ్యమే అసలు పరీక్ష

కుదింపులో రెండో ఉపాయం ఫ్రేముల మధ్య పోలికను వాడుకోవడం. కొన్ని ఫ్రేములను మాత్రమే పూర్తి చిత్రాలుగా నిల్వ చేసి, మిగిలిన వాటిలో మారిన భాగాన్ని, అది కదిలిన దిశను మాత్రమే నమోదు చేస్తారు. కదలని గోడ ముందు కూర్చుని వార్తలు చదువుతున్న వ్యక్తి వీడియోకు అందుకే తక్కువ బిట్‌రేటు చాలు.

పెళ్లిలో తలంబ్రాలు పోసే ఘట్టం దీనికి పూర్తిగా భిన్నం. వందలాది బియ్యపు గింజలు, పూల రేకులు ఒకేసారి వేర్వేరు దిక్కుల్లో పడుతుంటాయి. ఫొటో కెమెరాల ఫ్లాష్‌లు వెలుగును క్షణక్షణం మారుస్తుంటాయి. ముందు ఫ్రేముతో పోలిక దాదాపు లేకుండా పోతుంది. బాణసంచా, వాన, జలపాతం, జాతరలోని జన సందోహం కూడా ఇటువంటివే. బిట్‌రేటు చాలకపోతే వీడియో మొత్తంలో ముందుగా చెడిపోయేవి ఈ దృశ్యాలే. తరచుగా కుటుంబం మళ్లీ మళ్లీ చూడాలనుకునే ఘట్టాలు కూడా ఇవే కావడం గమనార్హం. కాబట్టి నాణ్యతను పరీక్షించేటప్పుడు మాటలు సాగే ప్రశాంత దృశ్యాన్ని కాకుండా, కదలిక అత్యధికంగా ఉన్న దృశ్యాన్ని చూడాలి.

ఈ ఇబ్బందికి ‘వేరియబుల్ బిట్‌రేటు’ కొంత పరిష్కారం. అవసరమైన చోట ఎక్కువ, అవసరం లేనిచోట తక్కువ సమాచారాన్ని అది కేటాయిస్తుంది. ‘టూ పాస్’ ఎంపికలో సాఫ్ట్‌వేర్ వీడియోను మొదటిసారి పరిశీలించి, రెండోసారి కుదిస్తుంది. సమయం ఎక్కువ పట్టినా అదే పరిమాణంలో మెరుగైన ఫలితం వస్తుంది. గ్రాఫిక్స్ కార్డు సాయంతో పనిచేసే హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్ వేగవంతమైనది. అయితే తక్కువ బిట్‌రేటు వద్ద సాఫ్ట్‌వేర్ ఎన్‌కోడింగ్ సాధారణంగా మెరుగ్గా ఉంటుంది. పరిశీలన కోసం పంపే ప్రతులకు మొదటిది, తుది ప్రతికి రెండోది అనుకూలం.

కోడెక్, కంటైనర్: తరచూ కలగాపులగమయ్యే రెండు పదాలు

‘ఎంపీ4లో ఇవ్వండి’ అనే మాట తరచుగా వినిపిస్తుంది. ఎంపీ4 ఒక కంటైనర్ మాత్రమే. అది వీడియోను, ధ్వనిని, ఉపశీర్షికలను కలిపి ఉంచే డబ్బా వంటిది. లోపలి వీడియో ఏ పద్ధతిలో కుదించి ఉందో చెప్పేది కోడెక్. పేరు చివర ఎంపీ4 అని ఉన్న రెండు ఫైళ్లలో ఒకటి టీవీలో ఆడి, మరొకటి ఆడకపోవడానికి సాధారణంగా లోపలి కోడెక్ తేడాయే కారణం.

2003లో ప్రమాణంగా వెలువడిన హెచ్.264 ఇప్పటికీ అత్యధిక పరికరాల్లో పనిచేస్తుంది. 2013లో వచ్చిన హెచ్.265 దాదాపు సగం బిట్‌రేటుతోనే అదే స్థాయి నాణ్యతను ఇవ్వగలదు. అయితే పేటెంట్ల లైసెన్సులు పలు సంస్థల మధ్య చీలి ఉండటంతో దానికి అన్నిచోట్లా సమాన మద్దతు లభించలేదు. ఈ చిక్కుకు ప్రత్యామ్నాయంగా టెక్నాలజీ సంస్థలు కూటమిగా ఏర్పడి 2018లో ఏవీ1ను విడుదల చేశాయి. పాత పరికరాల్లో దీనిని ఆడించడం కష్టం. ఎవరు, ఏ పరికరంలో చూస్తారో తెలియనప్పుడు ఎంపీ4 కంటైనర్‌లో హెచ్.264 వీడియో, ఏఏసీ ధ్వని సురక్షితమైన ఎంపిక.

పరిమాణం ముందే తెలుసుకోవచ్చు

ఫైలు ఎంత ఉంటుందో ఎక్స్‌పోర్ట్ చేయకముందే లెక్కించవచ్చు. సెకనుకు ఎన్ని మెగాబిట్లో ఆ అంకెను వీడియో నిడివిలోని సెకన్లతో గుణించి, ఎనిమిదితో భాగిస్తే మెగాబైట్లు వస్తాయి. 8 మెగాబిట్ల చొప్పున పది నిమిషాల వీడియో సుమారు 600 మెగాబైట్లు, గంట వీడియో సుమారు 3.6 గిగాబైట్లు. ధ్వని దీనికి అదనం.

యూట్యూబ్ తన మార్గదర్శకాల్లో సెకనుకు 24 నుంచి 30 ఫ్రేములుండే సాధారణ వీడియోలకు సూచిస్తున్న బిట్‌రేట్లు ఇవి: 720పికి 5 మెగాబిట్లు, 1080పికి 8 మెగాబిట్లు, 4కే వీడియోకు 35 నుంచి 45 మెగాబిట్లు. 60 ఫ్రేముల 1080పి వీడియోకైతే 12 మెగాబిట్లు. స్టీరియో ధ్వనికి 384 కిలోబిట్లు. అప్‌లోడ్ అయిన ప్రతి వీడియోను యూట్యూబ్ మళ్లీ కుదించి వివిధ స్థాయుల్లో ప్రతులు తయారు చేస్తుంది. అందువల్ల మనం పంపే ఫైలు తుది రూపం కాదు, ముడి సరుకు మాత్రమే. అది ఎంత మెరుగ్గా ఉంటే ప్రేక్షకుడికి చేరేది అంత మెరుగ్గా ఉంటుంది.

రిజల్యూషన్ విషయంలోనూ ఒక అపోహ ఉంది. 1080పిలో తీసిన దృశ్యాన్ని 4కేగా ఎక్స్‌పోర్ట్ చేసినంత మాత్రాన కొత్త వివరాలు పుట్టవు. ఫైలు పరిమాణం మాత్రం పెరుగుతుంది.

ఫ్రేమ్ రేటు, రంగుల చిక్కులు

చిత్రీకరణలో ఉన్న ఫ్రేమ్ రేటునే ఎక్స్‌పోర్ట్‌లోనూ కొనసాగించడం ఉత్తమం. భారత టీవీ ప్రసారాలకు 25, సినిమాకు 24 ఫ్రేములు అలవాటు. చాలా ఫోన్లు మాత్రం 30 ఫ్రేములతో తీస్తాయి. 30 ఫ్రేముల దృశ్యాన్ని 25కు మారిస్తే సెకనుకు ఐదు ఫ్రేములు రాలిపోతాయి. కెమెరా పక్కకు తిరిగే దృశ్యాల్లో ఆ కుదుపు స్పష్టంగా తెలుస్తుంది. పైగా పలు ఫోన్లు వెలుతురును బట్టి ఫ్రేమ్ రేటును తమంతట తామే మారుస్తుంటాయి. దీర్ఘ ప్రసంగాల్లో, ఇంటర్వ్యూల్లో పెదవుల కదలికకు, మాటకు పొంతన తప్పడానికి ఇదొక ప్రధాన కారణం. ఎడిటింగ్ మొదలుపెట్టక ముందే అటువంటి ఫైళ్లను హ్యాండ్‌బ్రేక్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో స్థిరమైన ఫ్రేమ్ రేటుకు మార్చుకోవడం మేలు.

రంగుల విషయానికొస్తే, సాధారణ హెచ్‌డీ వీడియోకు బీటీ.709 ప్రమాణం వర్తిస్తుంది. 2020లో వచ్చిన ఐఫోన్ 12 మొదలు అనేక ఫోన్లు హెచ్‌డీఆర్‌లో, అంటే మరింత విస్తృతమైన వెలుగు, రంగుల పరిధితో చిత్రీకరిస్తున్నాయి. ఆ దృశ్యాలను సరైన మార్పిడి లేకుండా సాధారణ టైమ్‌లైన్‌లో చేర్చితే ముఖాలు పాలిపోయినట్లు లేదా మితిమీరి వెలిగినట్లు కనిపిస్తాయి. హెచ్‌డీఆర్ అవసరం లేనప్పుడు ఫోన్‌లో దానిని ముందే నిలిపివేయడం తేలికైన మార్గం.

తెలుగు అక్షరాలకు ప్రత్యేక శ్రద్ధ

తెలుగులో శీర్షికలు, ఉపశీర్షికలు వేసేవారికి మరో సమస్య ఎదురవుతుంది. ఒత్తులు, గుణింతాలు సరిగా కూడాలంటే సాఫ్ట్‌వేర్‌కు భారతీయ లిపుల అమరిక తెలిసి ఉండాలి. లేకుంటే ‘శాస్త్రం’ అనే మాట ‘శాస్‌త్‌రం’గా తెరపైకి వస్తుంది. ప్రీమియర్ ప్రోలో గ్రాఫిక్స్ ప్రాధాన్యాల్లోకి వెళ్లి ‘సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్’ టెక్స్ట్ ఇంజిన్‌ను ఎంచుకుంటే ఈ లోపం తొలగుతుంది.

ముద్రణ రంగంలో విస్తృతంగా వాడిన అను వంటి పాత ఫాంట్ల నుంచి తెచ్చిన పాఠ్యం మరో చిక్కు. అవి యూనికోడ్ కావు. ఆ ఫాంటు లేని చోట అక్షరాలు అర్థం లేని ఆంగ్ల గుర్తులుగా మారతాయి. ఉపశీర్షికలను విడి ఎస్ఆర్‌టీ ఫైలుగా ఇచ్చేటప్పుడు యూనికోడ్‌లో టైపు చేసి, యూటీఎఫ్-8గా భద్రపరచాలి. విడి ఫైలుగా ఇస్తే ప్రేక్షకుడు వాటిని కావలసినప్పుడు ఆపుకోవచ్చు, తప్పులుంటే వీడియోను మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయకుండానే సరిదిద్దవచ్చు. చిత్రంపైనే ముద్రిస్తే ఆ సౌలభ్యం ఉండదు. కానీ ఏ పరికరంలోనైనా అక్షరాలు ఒకేలా కనిపిస్తాయి.

అక్షరాల రంగు కూడా ముఖ్యమే. కన్ను వెలుగులోని తేడాలను గుర్తించినంత నిశితంగా రంగులోని తేడాలను గుర్తించదు. అందుకే సాధారణ వీడియో ఫైళ్లలో రంగు సమాచారాన్ని అడ్డంగా సగానికి, నిలువుగా సగానికి తగ్గిస్తారు. దీంతో ఆకుపచ్చ నేపథ్యంపై ఎర్రటి అక్షరాలు వేస్తే అంచులు చెదిరి, సన్నని ఒత్తులు అలుక్కుపోతాయి. ముదురు నేపథ్యంపై తెలుపు లేదా లేత పసుపు అక్షరాలు, కాస్త మందమైన ఫాంటు వాడితే కుదింపు తర్వాత కూడా చదవడానికి వీలుగా ఉంటాయి.

ఎక్కడికి పంపితే ఏ ప్రతి?

వాట్సాప్‌లో వీడియోగా పంపిన ఫైలును ఆ యాప్ మళ్లీ కుదిస్తుంది. మూడు నిమిషాల వీడియోను 16 మెగాబైట్లలో ఇమిడ్చితే బిట్‌రేటు సెకనుకు 0.7 మెగాబిట్లకు పడిపోతుంది. ఇది 1080పికి యూట్యూబ్ సూచించే దానిలో పదో వంతు కన్నా తక్కువ. నాణ్యత ముఖ్యమైనప్పుడు ‘డాక్యుమెంట్’గా పంపడం మంచిది. అప్పుడు ఫైలు యథాతథంగా చేరుతుంది. 2022 నుంచి వాట్సాప్ 2 గిగాబైట్ల వరకు ఫైళ్లను అనుమతిస్తోంది. అంతకన్నా పెద్ద ఫైళ్లకు క్లౌడ్ లింకు పంపవచ్చు.

టీవీలో చూడటానికి పెన్‌డ్రైవ్‌లో ఇచ్చేటప్పుడు మరో అడ్డంకి ఉంటుంది. ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో 4 గిగాబైట్లకు మించిన ఒకే ఫైలు ఇమడదు. గంటన్నర పెళ్లి వీడియో 8 మెగాబిట్ల చొప్పున 5 గిగాబైట్లు దాటుతుంది. డ్రైవ్‌లో ఖాళీ ఉన్నా కాపీ కాకపోవడానికి కారణం ఇదే. ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయడం ఒక పరిష్కారం. పాత టీవీ దానిని గుర్తించకపోతే వీడియోను భాగాలుగా విడగొట్టాలి.

థియేటర్ ప్రదర్శనకు నియమాలు పూర్తిగా వేరు. అంతర్జాతీయంగా అమలులో ఉన్న డిజిటల్ సినిమా ప్యాకేజీలో ప్రతి ఫ్రేమును జేపెగ్ 2000 పద్ధతిలో విడివిడిగా కుదిస్తారు. 2కే చిత్రానికి బిట్‌రేటు సెకనుకు గరిష్ఠంగా 250 మెగాబిట్ల వరకు ఉండవచ్చు. ఫ్రేము పరిమాణం 1998x1080 లేదా 2048x858. డీసీపీ-ఓ-మ్యాటిక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఇటువంటి ప్యాకేజీని సొంతంగా తయారు చేయవచ్చు. చిత్రోత్సవాలకు పంపే స్వతంత్ర దర్శకులకు ఇది ఖర్చును తగ్గిస్తుంది. అయితే ప్రదర్శనకు ముందు ఏదైనా థియేటర్‌లో ఒకసారి పరీక్షించుకోవడం తప్పనిసరి.

మూల ప్రతి ఎందుకు?

జిరాక్స్ కాపీని మళ్లీ జిరాక్స్ తీస్తే అక్షరాలు మసకబారుతాయి. వీడియో విషయంలోనూ అంతే. కుదించిన ఫైలును తెరిచి, చిన్న మార్పు చేసి, మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేసిన ప్రతిసారీ కొంత వివరం పోతుంది. వాట్సాప్‌లో వచ్చిన వీడియోనే ఎడిట్ చేసి తిరిగి వాట్సాప్‌లో పంపితే నాలుగైదు దశల కుదింపు పోగుపడుతుంది.

దీనికి విరుగుడుగానే యాపిల్ ప్రోరెస్, ఎవిడ్ డీఎన్ఎక్స్‌హెచ్ఆర్ వంటి కోడెక్‌లు వచ్చాయి. వీటిలో కుదింపు స్వల్పం, నష్టం కంటికి దాదాపు కనిపించదు. బదులుగా పరిమాణం ఎక్కువ. 30 ఫ్రేముల 1080పి వీడియోకు ప్రోరెస్ 422 సెకనుకు సుమారు 147 మెగాబిట్లు తీసుకుంటుంది. గంటకు సుమారు 66 గిగాబైట్లు. అంత స్థలం లేనివారు కనీసం అధిక బిట్‌రేటుతో ఒక హెచ్.264 ప్రతిని, దాంతోపాటు కెమెరా నుంచి వచ్చిన అసలు ఫైళ్లను దాచుకోవాలి. పదేళ్ల తర్వాత కొత్త కోడెక్ వచ్చినా, పెద్ద తెర వచ్చినా కొత్త ప్రతి తయారు చేసుకునే అవకాశం అప్పుడే మిగులుతుంది.

అసలు ఫైళ్లకు చట్టపరమైన ప్రాధాన్యం కూడా ఉంది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో సమర్పించే ధ్రువపత్రంలో ఫైలు ‘హ్యాష్’ విలువను పేర్కొనాలి. ఫైలులో ఒక్క బిట్ మారినా ఈ విలువ మారిపోతుంది. ప్రమాదాన్నో, నేరాన్నో చిత్రీకరించిన వీడియోను కత్తిరించి, ఎక్స్‌పోర్ట్ చేసి, అసలును తొలగిస్తే దాని ప్రామాణికతను నిరూపించడం కష్టమవుతుంది.

పంపేముందు సరిచూసుకోవలసినవి

* పూర్తి వీడియోకు ముందు, కదలిక ఎక్కువగా ఉన్న 30 సెకన్ల భాగాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి చూడాలి.
* టైమ్‌లైన్, ఎక్స్‌పోర్ట్ రెండింటిలోనూ ఫ్రేమ్ రేటు, రిజల్యూషన్ ఒకటేనా అని పరిశీలించాలి.
* హార్డ్‌డిస్క్‌లో లెక్కగట్టిన పరిమాణానికి కనీసం రెట్టింపు ఖాళీ ఉండేలా చూసుకోవాలి.
* ఎక్స్‌పోర్ట్ అయిన ఫైలును ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో కాకుండా వేరే ప్లేయర్‌లో, వీలైతే ఫోన్‌లోనూ టీవీలోనూ మొదటి నుంచి చివరి వరకు చూడాలి.
* చివరి నిమిషంలో మాటకు, పెదవులకు పొంతన ఉందో లేదో గమనించాలి. తేడా ఉంటే అక్కడే బయటపడుతుంది.
* పేర్లు, ఒత్తులు, ఉపశీర్షికలను చిన్న తెరపై ఒకసారి చదవాలి.
* మూల ప్రతిని రెండు వేర్వేరు డిస్కుల్లో భద్రపరచిన తర్వాతే కెమెరా కార్డును ఖాళీ చేయాలి.

వీటిలో చివరిది అన్నింటికన్నా ముఖ్యం. బిట్‌రేటు తప్పితే మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయవచ్చు, అక్షరం తప్పితే దిద్దవచ్చు. మూలం పోయిన వీడియోకు మాత్రం రెండో అవకాశం ఉండదు.